డోరు లోపల

సొట్ట చూసి దెబ్బ ఎంత బలంగా తగిలిందో చెప్పేస్తానని నాకు పేరు. పేరు అనకూడదు, పొగరు అనాలి. ముప్ఫై ఏళ్లుగా కార్లకు సొట్టలు తీస్తున్నాను. "పైన చూసి మోసపోకండిరా, విప్పి లోపల చూడండి" అని షెడ్డులో పనివాళ్ల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతుంటాను. ఇప్పుడా మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మా బావ కారు నడుపుకుంటూ షెడ్డుకు వచ్చాడు. కారు మా అక్కది. అక్క బడిలో పాఠాలు చెబుతుంది, ఆ వేళ బస్సులో వెళ్లింది. కూడలి దగ్గర ఒక వ్యాను పక్కనుంచి వచ్చి గుద్దిందట. కుడివైపు డోరు, అంటే ఆయన కూర్చున్న వైపే, అరచేయంత మేర లోపలికి నొక్కుకుపోయింది.

"ఒరేయ్, మీ అక్క ఐదింటికల్లా వచ్చేస్తుంది. ఈలోపు సొట్ట తీసెయ్. లేదంటే రేపు నా వీపుకు సొట్ట తియ్యాల్సొస్తుంది" అన్నాడు నవ్వుతూ.

"నీకేమన్నా తగిలిందా?" అని అడిగాను. అడగలేదని ఎవరూ అనకూడదు. కానీ డోరు మీద వేళ్లతో తడుముతూ, ఆయన ముఖం చూడకుండా అడిగాను.

"పక్కటెముకల దగ్గర కాస్త నొప్పిగా ఉంది. చుక్క నెత్తురు రాలేదు, గుండ్రాయిలా ఉన్నా. నువ్వు ముందు బండి సంగతి చూడు."

పాత టైర్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి, "కుడి భుజం లాగుతోందిరా" అన్నాడు.

"స్టీరింగు బిగించి పట్టుకుని ఉంటావులే" అన్నాను, అంతా తెలిసినవాడిలా.

నీళ్లు అడిగితే సీసా చేతికిచ్చి మళ్లీ మరలు విప్పడంలో పడ్డాను. ఇంకోసారి అడిగాడు, ఇంకో సీసా ఇచ్చాను. తర్వాత మాటలు తగ్గించాడు. నోరు మూతపడని మనిషి. హమ్మయ్య, ఇవాళ నా పని నన్ను చేసుకోనిస్తున్నాడు అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

రెండున్నరకు డోరు లోపలి అట్ట ఊడొచ్చింది. అడ్డంగా, తిన్నగా ఉండాల్సిన ఇనుప కడ్డీ విల్లులా వంగిపోయి ఉంది. నా మాటే నిజమైందని ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

"బావా, ఇలా వచ్చి చూడు! పైకి ఇంతే సొట్ట, లోపలంతా నుజ్జు! నేను చెప్పలేదూ?"

ఆయన లేవబోయి లేవలేకపోయాడు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. అప్పుడు తొలిసారి ఆయన్ని చూశాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన పొట్ట నొక్కి చూస్తూనే, "దెబ్బ ఎప్పుడు తగిలింది?" అని అడిగింది.

"ఒంటిగంటకు కాస్త ముందండీ."

గోడ గడియారం మూడు చూపిస్తోంది. "ఇంతసేపూ ఎక్కడున్నారు?"

"నా షెడ్డులో."

ఆమె స్ట్రెచరు వెంట పరుగెత్తింది.

ఐదు దాటాక బయటికి వచ్చింది. కాలేయం చిట్లిందనీ, నెత్తురంతా కడుపులోనే కారిపోయిందనీ చెప్పింది. "గుద్దిన వెంటనే తెచ్చుంటే బతికే అవకాశం చాలా ఉండేది" అంది.

కబురందుకుని అప్పటికే అక్క వచ్చి ఉంది. బడి సంచీ ఇంకా భుజానే ఉంది. నా వైపు తిరిగింది.

"నేరుగా ఇక్కడికే తెచ్చావా?"

అవునని చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. అక్క ముందు ఆ మాట బయటికి రాలేదు.

"లేదక్కా. గంటన్నర షెడ్డులో కూర్చోబెట్టాను."

"ఏమన్నా అడిగాడా?"

"నీళ్లు. రెండుసార్లు."

"ఇచ్చావా?"

"ఇచ్చాను."

అక్క తల ఊపింది. గ్రీజు ఆరని నా చేతుల వైపు చూసింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను.

"డోరైతే విప్పి లోపల చూశావు కదరా" అంది.