అడగరాని మాట

శంషాబాద్ బస్టాండు కాడ ఆటో నడిపే ముత్తయ్యకు చదువు అబ్బలే గని, సూత్రాలకు మాత్రం కొదవ లేదు. పొలం ఎయిర్‌పోర్టు కింద పోయినంక నాగలి పట్టిన చెయ్యి ఆటో పట్టింది, నోరు మాత్రం ఊకోలే. తెల్లంగిని పప్పుచారుతోని గుణిస్తే మరక వస్తదనేటోడు. మిక్సీల పచ్చడేసినప్పుడు చుట్టం గడపల కాలు పెడితే కరెంటు పోవుడు ఖాయమట. విమానం ఎక్కేటోళ్ల తొందర ఎంత పెరిగితే టైరుల గాలి అంత తగ్గుతదట. పరేషాన్ల ఉన్న ప్యాసింజర్లు గూడ పక్కున నవ్వేటోళ్లు. ఆయన పెండ్లాం లింగమ్మయితే నవ్వలేక కడుపు పట్టుకునేది.

అన్నిట్ల పెద్ద సూత్రం ఇంట్లది. బయటికెల్లేటోన్ని "యాడికి" అని అడిగితే, పోయే పనిని సున్నతోని గుణించినట్టే. అడగొద్దని పెద్దోళ్లు ఎప్పటిసంది చెప్పేదే, ముత్తయ్య దానికి లెక్క కట్టిండంతే. ఆ ఇంట్ల ఎవ్వరు అడగరు.

ఆ పొద్దు ముత్తయ్య ఇస్త్రీ అంగి తొడుక్కొని, ఆటోను వాకిట్లనే ఇడిసి నడుసుకుంట పోయిండు. మొఖం పాలిపోయి ఉంది. లింగమ్మకు మాట గొంతు దాక వచ్చింది, మింగేసింది. ఏం మంచి పనికి పోతుండో, నా నోటితోని చెడగొట్టుడెందుకు అనుకుంది. పాడు నోరు, గప్పుడే పెగలాల్సింది.

పగలంత చూసినా మనిషి రాలే, ఫోన్ ఎత్తలే. లింగమ్మ, బిడ్డ శిరీష కలిసి బస్టాండు, ఎయిర్‌పోర్టు ఆటోల అడ్డా అంత దేవులాడిండ్రు. ఎవ్వరిని అడిగినా తెల్వదన్నరు. ఆఖరికి ఫోన్ ఒక సిస్టరమ్మ ఎత్తింది. అత్తాపూర్ల దవాఖాన అంది. ఛాతి నొస్తుందని చూపెట్టుకోను వచ్చి మెట్ల కాడనే పడిపోయిండంట. ఆ నొప్పి ఎన్ని నెలలసంది ఉందో ఏమో, ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. మనసుల పెట్టుకొని ఊరందర్ని నవ్వించిండు, ఏం మనిషో!

ఉరికి పోయేసరికి ఇంక కండ్లు తెరిచే ఉన్నడు. లింగమ్మను చూసి పెదవులు కదిలించిండు.

"గుండె నొప్పిని... పెండ్లాం ఏడుపుతోని గుణిస్తే..."

"బంద్ చెయ్యి నీ లెక్కలు," అంది లింగమ్మ. "నిజం చెప్పు. ఏమైతుంది?"

ఆయన ఆమె చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

"భయమైతుందే," అన్నడు.

ఇన్నేండ్ల కాపురంల ఆ మాట ఆయన నోట ఆమె ఎన్నడు ఇనలే. "నేనున్న" అంది. సిస్టరమ్మ వచ్చి చల్లబడ్డ ఆయన చెయ్యి ఇడిపించే దాక అదే మాట అనుకుంట కూసుంది.