పసుపంటిన తెల్లగుడ్డ

చెన్నమ్మ ఏ నవలనైనా చివరి పేజీ నుంచే మొదలుపెట్టేది. హీరోయిన్ బతికుందా, హీరోకు కాళ్లూ చేతులూ సరిగ్గా ఉన్నాయా, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారా అన్నది తేలితే తప్ప మొదటి పేజీ తెరిచేది కాదు. తెలియక ముందుకు పోయి, మధ్యలో ఎవరైనా పోతే ఆ దిగులుతో మూడు రోజులు అన్నం సహించదు. చదువు ఏడో తరగతితోనే ఆగింది. అయినా కూడబలుక్కుంటూ కూడబలుక్కుంటూ రెండు వందల ప్రేమ నవలలు తోక నుంచి తలకాయ దాకా చదివి పారేసింది.

జహీరాబాద్‌లో ఆమె ఇంటి ముందుగదే ఆమె దుకాణం. చీరలకు ఫాల్ కుడుతుంది, పీకో చేస్తుంది, జాకెట్లకు హుక్కులు వేస్తుంది. పక్కగదిలో అద్దె పుస్తకాల కొట్టు నడిపిన హనుమంతరావు సారు, కొట్టు ఎత్తేసి పోతూ రెండు ట్రంకుపెట్టెల నవలలు ఆమెకు వదిలేశాడు. పీకో అయ్యేదాకా కూర్చున్న ఆడవాళ్లు ఊరికే ఉండలేక ఒకటి తీశారు, సగంలో ఆపలేక ఇంటికి పట్టుకుపోయారు. ఆరు నెలలు తిరిగేసరికి చీర లేకుండా వట్టి చేతులతో వచ్చేవాళ్లే ఎక్కువయ్యారు.

"చెన్నమ్మక్కా, నాకు కొట్లాట ప్రేమ కావాలె."

"నాకు డాక్టరు ప్రేమ."

"నాకు దయ్యమున్నది ఇయ్యి. గని దయ్యం మంచిదై ఉండాలె."

ఎవరికి కావలసింది వాళ్లకు దొరకాలని చెన్నమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఫాల్ కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కను ప్రతి పుస్తకం వీపుకు కుట్టింది. ఎర్రగుడ్డ అంటే మొదట తిట్టుకుని తర్వాత ప్రేమించుకునేవాళ్లు. ఆకుపచ్చ అంటే ముందు పెళ్లి, ఆనక పరిచయం. నీలమైతే ఆఫీసులు, ఆస్పత్రులు, విమానాలు. నల్లది దయ్యాలకు. పసుపుగుడ్డ పుస్తకంలో విడిపోయినవాళ్లు ఏళ్ల తర్వాత ఏ రైల్వేస్టేషన్‌లోనో కలుసుకుంటారు. ఇక తెల్లగుడ్డవి పదకొండున్నాయి. వాటిలో ఇద్దరిలో ఒకరు పోతారు. వాటిని పెట్టె అడుగున పడేసి, పైన పాత దుప్పటి కప్పి, ఎవరడిగినా లేవనేది.

ఒక్క సత్యవతి దగ్గర మాత్రం ఆ ఆటలు సాగేవి కావు. ఆమె భర్త ఫ్యాక్టరీలో ఇంజనీరు, వాళ్లది కాకినాడ వైపు. "నాకు కుళ్లికుళ్లి ఏడిస్తేనేనండీ నవల చదివినట్టుండేది. మీ ఆకుపచ్చవన్నీ పెళ్లిభోజనాలే" అని పోరు పెట్టి, తెల్లవి ఒక్కొక్కటే పట్టుకుపోయేది.

చెన్నమ్మ ఒక్కగానొక్క కూతురు అక్షతను కోహీర్‌లో ఇచ్చారు. ఇప్పుడు ఎనిమిదో నెల. పుట్టింటికి తెచ్చుకుందామనేసరికి బీపీ పెరిగిందని, మంచం దిగొద్దని, మనసు నిమ్మళంగా ఉంచుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. ఫోను చూస్తే బుర్ర వేడెక్కుతుందని అత్తగారు శరణమ్మ ఆ పిల్ల ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. దాంతో అక్షత రోజుకో నవల మింగేస్తోంది. వారానికోసారి అల్లుడు బస్వరాజ్ మార్కెట్‌కు జామకాయలు తెచ్చి, పోతూ పోతూ సంచెడు పుస్తకాలు తీసుకుపోతాడు. చెన్నమ్మ ప్రతి పుస్తకం చివరి పేజీ రెండుసార్లు చూసి పంపేది. నిన్న మాత్రం పెళ్లివాళ్ల చీరలు నెత్తిమీద కూర్చోవడంతో గుడ్డల రంగు చూసి సంచిలో వేసేసింది.

ఈ రోజు మధ్యాహ్నం సత్యవతి వస్తూనే కుర్చీలో కూలబడింది.

"ఏం పుస్తకం ఇచ్చారండీ బాబూ! 'తలుపు తియ్యని వెన్నెల'! రెండు రోజులు ముక్కు చీదుతూనే ఉన్నా. పాపం ఆ పిల్ల, పురిట్లో..."

చెన్నమ్మ చెవులు మూసుకుంది. "ఆ మాట నోట్లకెళ్లి తియ్యకుండ్రి! గా పుస్తకం యాడున్నది?"

"శనివారమే తెచ్చి ఈ బల్ల మీద పెట్టానుగా. అన్నట్టు చిన్న పొరపాటండీ. పులిహోర కలుపుతూ చదివాను, గుడ్డకి కాస్త పసుపంటింది. ఏమీ అనుకోకండేం."

మిషన్ మీద కాలు ఆగిపోయింది. బల్ల మీదున్న పసుపుగుడ్డ పుస్తకాన్ని నిన్న తన చేత్తోనే సంచిలో వేసింది. అదీ అన్నిటికంటే పైన.

శరణమ్మకు ఫోన్ చేస్తే మోగి మోగి ఊరుకుంది. అల్లుడు ఎత్తాడు, కానీ తోటలో ఉన్నాడట.

"అల్లుడా, జర ఇంటికి పోయి పసుపుగుడ్డ పుస్తకం గుంజుకో."

"ఎందుకత్తమ్మా?"

ఎందుకో చెప్పాలంటే ఆ మాట అనాలి. కడుపుతో ఉన్న బిడ్డ గురించి మాట్లాడుతూ ఆ మాట ఎలా అంటుంది? "దాంట్ల... బొద్దింక ఉన్నది."

అల్లుడు పడీపడీ నవ్వాడు. "నిన్న మీ దుకాణంలకెళ్లి ఎక్కిన బొద్దింక ఇంకా టికెట్ తియ్యకుంట పుస్తకంలనే కూసుంటదా?"

ఫోన్ పెట్టేసి లోపలికి పరుగెత్తింది. భర్త రేవణసిద్ధప్ప జొన్నరొట్టె తుంచుతున్నాడు. సంగతి విని, "పుస్తకంల ఎవరికో ఏమన్నయితే మన పిల్లకేమైతదే?" అన్నాడు.

"దాని కథ సదివి ఇది గుబులు పడ్తది. గుబులు పడితే బీపీ పెరుగుతది. బీపీ పెరిగితే..." బండి తాళం చెవి తెచ్చి అతని ఒళ్లో పడేసింది. "లెవ్వు! బండి తియ్యి!"

కోహీర్ దారి పొడుగునా చెన్నమ్మ మాటలతో రేవణసిద్ధప్పకు ఊపిరి సలపలేదు.

"గిదేం నడుపుడు! నడిచేటోళ్లు మనకన్న ముందర పోతున్రు. జల్ది పోనియ్యి!"

అతను కాస్త యాక్సిలరేటర్ తిప్పాడు.

"అయ్యో, గంత జోరుగ వద్దు! లారీ వస్తున్నది! మనం పోతే పిల్లను ఎవరు జూస్తరు?"

"చెన్నీ, ఒక్క తీరు చెప్పు. ఉరకాల్నా, ఆగాల్నా?"

"ఉరుకు. గని మెల్లగ."

వెనక కూర్చుని ఆమె లెక్క వేసింది. నూట ఎనభై పేజీలు. తెల్లారి మొదలుపెడితే ఈపాటికి హీరోయిన్ పాలేరు చేత చీటీ పంపి ఉంటుంది. రెండింటికల్లా నొప్పులు. మూడింటికి... "దేవుడా, పిల్లకు నిద్ర పట్టియ్యి" అని దారిలో కనబడ్డ ప్రతి గుడికీ, రెండు దర్గాలకూ దండం పెట్టింది.

ఇల్లు చేరేసరికి మూడైంది. చెన్నమ్మ బండి ఆగకముందే దూకి, కిటికీ దగ్గరకు వెళ్లి అక్కడే నిలబడిపోయింది.

లోపల మంచం మీద అక్షత పక్కకు తిరిగి పడుకుని ఉంది. కుర్చీలో శరణమ్మ ఆ పుస్తకమే పట్టుకుని పెద్దగా చదువుతోంది. ముప్ఫై ఏళ్లు అంగన్‌వాడీలో పిల్లలకు కథలు చెప్పి రిటైరైన గొంతు. మనిషి మాత్రం ఎప్పుడూ కటువుగా ఉంటుందని, కోడలికి నవ్వుమొహం చూపదని చెన్నమ్మకు లోలోపల బెంగ. శరణమ్మ వేలు నూట డెబ్భై తొమ్మిదో పేజీ మీద కదులుతోంది. ఆ పేజీ చెన్నమ్మకు నోటికొచ్చు. అందులో డాక్టరు తలవంచుకుని బయటికొస్తాడు. హీరో మూడు రోజులు ఆలస్యంగా రైలు దిగుతాడు.

"'అప్పుడు డాక్టరు నవ్వుతూ బయటికి వచ్చి, తల్లీ బిడ్డా క్షేమం అన్నాడు,'" అని చదివింది శరణమ్మ.

చెన్నమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది.

"'హీరో ఉరుకొచ్చి పెద్ద పళ్లెంల పేడాలు పంచిండు. నర్సు వచ్చి బాలింతకు ఐరన్ గోలీలు ఇచ్చి, రోజుకొక గుడ్డు తినాలమ్మా అని చెప్పింది. బిడ్డను తూకం వేస్తే మూడు కిలోలు. కార్డు మీద రాసిన్రు.'"

అక్షరాల మీద వేలు ఆగకుండా పోతోంది. గొంతు హుషారుగా ఉంది. కళ్లు మాత్రం ఆ పేజీలో నిజంగా ఉన్నదాన్ని చదువుతున్నాయి కాబోలు, శరణమ్మ చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుంటే పిల్లకు తెలిసిపోతుందని, పుస్తకాన్నే మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది.

"అత్తమ్మా," అంది అక్షత మంచం మీంచి. "జమీందారు కోడలికి గుడ్లు ఎవరిచ్చిన్రు? మీ అంగన్‌వాడీలనా?"

"పుస్తకంల ఉన్నదే చదువుతున్న."

"కార్డు కూడ పుస్తకంలనే ఉన్నదా?"

"ఉన్నది. పచ్చ కార్డు."

అక్షతకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది. "నిన్ననే మొదలువెట్టిన, పొద్దుగాల మీరు స్నానానికి పోయినప్పుడే ఆఖరు దాక సదివిన అత్తమ్మా. మీరు ఏం చెప్తరో సూద్దామనే ఆఖరు పేజీలు మల్ల చదవమన్న."

శరణమ్మ పుస్తకం మూసేసింది. ఇక ఆగలేక చెన్నమ్మ లోపలికి ఉరికి కూతురి నుదురు, మెడ, చేతులు తడిమింది. "సదివినవా? భయపడ్డవా? కండ్లు తిరిగినయా? కడుపుల ఏమన్నయిందా?"

"అమ్మా, నువ్వెప్పుడొచ్చినవ్! ఏడ్సిన. మంచిగ ఏడ్సి, మొకం కడుక్కొని రెండు రొట్టెలు తిన్న. గా హీరోయిన్ ఒక్కసారన్న బీపీ చూపిచ్చుకున్నదా? ఒక్క స్కానింగ్ లేదు, ఒక్క సూది లేదు. తొమ్మిది నెలలు కిటికీల కూసొని చంద్రున్ని సూసింది. నాకు భయం గాదు, కోపమొచ్చింది."

చెన్నమ్మకు నమ్మకం కుదరలేదు. శరణమ్మ లేచి, అలమారాలోంచి బీపీ మిషన్ తెచ్చి కోడలి చేతికి పట్టీ చుట్టింది. అంకెలు ఆగేదాకా ముగ్గురూ దాని వైపే చూశారు.

"నూట ఇరవై రెండు, ఎనభై. నెల రోజుల్ల గింత మంచిగ ఎన్నడు లేదు," అంది శరణమ్మ. తర్వాత చెన్నమ్మ వైపు తేరిపార చూసింది. "వదినా, నువ్వెందుకు గట్ల చెమటలు కక్కుతున్నవ్? చెయ్యి ఇయ్యి."

నూట డెబ్భై నాలుగు.

మరుక్షణం చెన్నమ్మను కూతురి పక్కన పడుకోబెట్టారు. లేవబోతే శరణమ్మ భుజం నొక్కి పట్టింది. గుమ్మంలో నిలబడ్డ రేవణసిద్ధప్ప, "తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం" అని ప్రకటించి, అక్షత విసిరిన దిండు నుంచి తప్పుకున్నాడు.

"పిల్లకు మీరు గింత చేస్తరని నాకెరుక లేదు వదినా," అంది చెన్నమ్మ.

"నాకేం ఎరుక? నీ బిడ్డ నన్నే మోసం చేసింది," అంది శరణమ్మ. కానీ ఆ కటువు మొహం ఒక మూలన విచ్చుకుంది. పుస్తకాన్ని మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. చివరి అట్టను తెరిచి, అచ్చు లేని తెల్ల కాగితం మీద వేలు పెట్టింది. "ఇగ ఊకె ఎందుకు, ముందరికి పోదామా?"

"పోదాం పోదాం," అంది అక్షత.

"'బిడ్డకు మూడో నెల రాంగనే హీరో బుల్లెట్ బండి తీసి, భార్యను ఎనక కూసోవెట్టుకొని...'"

"బండి వద్దు వదినా!" చెన్నమ్మ తల ఎత్తింది. "పసిపిల్ల ఉన్నది. బస్సుల పంపుండ్రి."

"బస్సుల పోతే ప్రేమెట్ల పుడ్తదమ్మా?"

"పక్కపక్క సీట్లల్ల కూసుంటె అదే పుడ్తది."

శరణమ్మ కాగితం మీద వేలు కొంచెం జరిపింది. "సరే. 'హీరో రెండు టికెట్లు తీసిండు. హీరోయిన్ కిటికీ పక్కన కూసున్నది. బస్సు కదిలింది.'"

"వదినా," అంది చెన్నమ్మ, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, "డ్రైవరు తాగి లేడు గద?"