సువార్తమ్మ అడిగిన ప్రశ్న

నేను ఒక చక్రాల కుర్చీని. నడవలేని వాళ్లను ఏళ్ల తరబడి మోసి, ఒళ్లు హూనమైన కుర్చీని.

బెజవాడ ఆటోనగర్‌లో మస్తాను అనే వెల్డరు నన్ను తయారుచేశాడు. రిటైరైన పోస్టుమాస్టరు వీరరాఘవులు గారికి పక్షవాతం వస్తే, ఆయన కొడుకులు నన్ను కొన్నారు. ఆయన రెండేళ్లు నా మీద కూర్చుని ఇంటిల్లిపాదినీ తిట్టాడు. ఇంటి పిల్లి నా మీదికెక్కినా సహించేవాడు కాదు. ఆయన పోయాక నా వీపు మీద ఆయన పేరు రాయించి, పల్నాడులోని ఒక సర్కారు ఆసుపత్రికి నన్ను దానమిచ్చారు. ఇక ఏ కులం వాళ్లు, ఏ మతం వాళ్లు కూర్చున్నా ఆ పేరు కిమ్మనలేదు.

అక్కడ నా రెండో ఏడు, ఒక మిట్టమధ్యాహ్నం ఎస్తేరు అనే పద్దెనిమిదేళ్ల పిల్లను ఆటోలో తెచ్చారు. పత్తిమిల్లులో జ్వరంతో పడిపోయిందట. తల్లి దూరంగా మిరపకోతలకు పోయి ఉంది. ఆటో అతను పిల్లను నా మీద కూర్చోబెట్టి డాక్టరు కోసం పరుగెత్తాడు. మెడ వాలిపోతున్న ఆ పిల్లను, భర్త పుండుకు కట్టు కట్టించడానికి వచ్చిన ఒక ముసలామె చూసింది. దగ్గరికొచ్చి, ఆ తలను తన కడుపుకు ఆనించుకుంది. "మీ అమ్మ వస్తందిలే తల్లీ. నేనీడే ఉన్నా" అంటూ కొంగుతో విసిరింది. ఎస్తేరు ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుంది. డాక్టరు వచ్చి చేయగలిగినదంతా చేశాడు, కానీ ప్రాణం నిలవలేదు. ముసలామె కళ్లు తుడుచుకుంటూ భర్త దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె పేరు ఎవరూ అడగలేదు.

తల్లి సువార్తమ్మ బస్సు దిగి వచ్చేసరికి దేహమే మిగిలింది.

ఏడాది తిరక్కుండా సువార్తమ్మ అదే ఆసుపత్రిలో ఆయాగా చేరింది. బిడ్డను మోసిన కుర్చీనే తోస్తున్నానని ఆమెకు తెలియదు. నర్సులను, కాంపౌండరును, కనిపించిన ప్రతివాళ్లనూ అడిగేది. "ఆ పొద్దు నా బిడ్డ దగ్గర ఎవురున్నారమ్మా?" రోజుకు వందల మంది వచ్చే చోట ఎవరికి గుర్తుంటుంది? ఆమె ప్రార్థనకు పోవడం మానేసింది. పాస్టరుగారు వెతుక్కుంటూ వస్తే, "నా బిడ్డ ఒంటిగా పోయిందయ్యా. అప్పుడు ఆ దేవుడు యాడున్నాడు?" అంది. పాస్టరుగారు తలవంచుకుని నా చక్రాల వంక చూశారు. జవాబు దొరకనప్పుడు మనుషులు మాలాంటి వస్తువుల వంకే చూస్తారు.

అలా ఆరేళ్లు గడిచాయి. సువార్తమ్మకు మోకాళ్ల నొప్పులొచ్చాయి, నాకు తుప్పు పట్టింది.

మొన్న ఎండాకాలంలో హుసేన్‌బీ అనే పెద్దావిడ బస్టాండులో కుప్పకూలితే తెచ్చారు. పడుకుంటే ఊపిరాడడం లేదని డాక్టరు ఆమెను నా మీదే కూర్చోబెట్టమన్నాడు. గుండె బాగా దెబ్బతిందని, ఇక ఎంతోసేపు ఉండదని సువార్తమ్మకు మెల్లగా చెప్పాడు. కొడుకు మౌలాలి లారీ డ్రైవరు. మార్కాపురం నుంచి బయల్దేరానని ఫోను చేశాడు.

సువార్తమ్మ డ్యూటీ అయిపోయింది. ఆమె స్థానంలోకి వచ్చిన ఆయా రత్నం, "నువ్వు పోక్కా, నేను చూసుకుంటా" అంది.

"పోతాలే" అంది గాని సువార్తమ్మ కదల్లేదు. నా పక్కన నేలమీద చతికిలబడి పెద్దావిడ చెయ్యి పట్టుకుంది.

"మౌలా వచ్చాడా?"

"దార్లో ఉన్నాడమ్మా."

హుసేన్‌బీ పెదవులు ఏవో దేవుడి మాటలు పలకబోయి తడబడ్డాయి. ఆ మాటలు సువార్తమ్మకు రావు. కాసేపు తటపటాయించి, ఆరేళ్లుగా నోటరాని తన ప్రార్థననే గొంతు తగ్గించి మొదలుపెట్టింది. పెద్దావిడకు అర్థమైందో లేదో గాని, ఆయాసం కాస్త నెమ్మదించింది. ఆ చెయ్యి పట్టుకునే ఆమె కన్నుమూసింది.

గంట తర్వాత మౌలాలి దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతో పరుగెత్తుకొచ్చాడు. తల్లి కాళ్ల మీద పడి ఏడ్చాడు. తల ఎత్తి, "మా అమ్మ కాడ ఎవురన్నా ఉన్నారా?" అని అడిగాడు.

అది సువార్తమ్మ ప్రశ్నే.

"నేనున్నా నాయనా" అందామె. "నా చెయ్యి పట్టుకునే పోయింది. నిన్నే తలుచుకుంది."

అతను ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు.

అతను తల్లిని తీసుకుని వెళ్లాక సువార్తమ్మ మొట్టమొదటిసారి నా మీద కూర్చుంది. బక్కపలచని మనిషి, కానీ అంత బరువు నేను ఎన్నడూ మోయలేదు.

"ఏమైందక్కా?" అంది రత్నం.

"ఆయమ్మకి నేనేమవుతానే? ఏమీ కాను. అయినా వదిలి పోబుద్ధి కాలా." నా చేతిపిడి నిమిరింది. "నా బిడ్డ కాడ కూడా ఎవురో ఒకరు అట్టా ఉండే ఉంటారు. ఆ దేవుడు ఆడే ఉన్నాడేమోనే రత్నం. నేనే యాడాడో ఎతికా."

ఉన్నారమ్మా, కొంగుతో విసిరారు అని చెప్పాలని నా ఇనుమంతా తహతహలాడింది. కిర్రుమని చప్పుడొక్కటే వచ్చింది.

ఆదివారం ఆమె ప్రార్థనకు వెళ్లిందో లేదో తెలియదు. నేను గేటు దాటను. ఆ ప్రశ్న మాత్రం మళ్లీ ఎవరినీ అడగలేదు.

వానాకాలంలో నా కుడి చక్రం ఊడిపోయింది. తుక్కు షెడ్డుకు నన్ను సువార్తమ్మే ఈడ్చుకుంటూ తెచ్చింది. విరిగిన మంచాల మధ్య చోటు చేసి, గోడకు ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని రొప్పుతూ నిలబడింది.

"చానామందిని మోశావు. ఇంక పడుకో" అంది.

వార్డులోంచి ఎవరో ఆయాను పిలిచారు. "వస్తన్నా" అంటూ కుంటుకుంటూ వెళ్లింది.