ఇంటర్వెల్ దాకా చూసిన విమర్శకుడు

సినిమాల గురించి రాజనర్సయ్యకు తెలియనిదంటూ లేదు, ఒక్క సెకండాఫ్ తప్ప.

అమీర్‌పేటలో జావా కోర్సు మధ్యలో మానేసి, కొత్తగా పుట్టిన ఒక వెబ్‌సైటుకు రివ్యూలు రాసేవాడు. అందరికన్నా ముందు తమ రివ్యూ పడాలని సైటువాళ్ల తొందర. అందుకని మార్నింగ్ షో ఇంటర్వెల్లో లేచి, నెట్ సెంటర్‌కు పరుగెత్తి, మిగతా సగాన్ని ఊహించుకుని తిట్టేవాడు. ఏడాదిగా ఒక్కడూ పట్టుకోలేదు. దాన్నే విశ్లేషణ అనుకునేవాడు మన మేధావి.

ఆ శుక్రవారం పంజాగుట్ట థియేటర్లో పక్క సీటులో అక్క పోచమ్మ ఉంది. తండ్రి కర్మనాడు అయ్యగారితో గొడవపడి, మూఢనమ్మకాల మీద ఉపన్యాసం దంచి, భోజనాలకు ముందే వెళ్లిపోయిన తమ్ముడితో ఆమె రెండేళ్లుగా మాట్లాడటం లేదు. మళ్లీ ఆమే ఫోన్ చేసింది. "గీ సినిమాల సుత కొట్లాడుకునే అక్కాతమ్ముళ్లేనంట. పోదాం రా. నవ్వొస్తే మాట్లాడుకుందాం."

ఇది పోతే ఇంకో ఫోన్ రాదని అతనికి తెలుసు. తెలిసీ, ఇంటర్వెల్లో "చాయ్ తాగొస్త" అని లేచాడు.

నెట్ సెంటర్లో కూర్చుని వాయించాడు: "బంధాల విలువ తెలియని దర్శకుడు. ఈ అక్కాతమ్ముళ్లు చివరిదాకా కరుచుకుంటూనే ఉంటారు. ఒకరి కోసం ఒకరు గంటసేపు కుదురుగా కూర్చోరు. ఐదుకు ఒకటిన్నర." ఆ మూడో వాక్యాన్ని తానే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

తిరిగొచ్చేసరికి జనం ముక్కులు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ బయటికొస్తున్నారు. ఒక టీవీ అమ్మాయి పోచమ్మ ముందు మైకు పెట్టింది. "సెకండాఫ్ ఎలా ఉందండీ?"

"నన్నేం అడుగుతవమ్మా? అగో, మా తమ్ముడు రివ్యూలు రాస్తడు. ఆయన్నడుగు."

మైకు ఇటు తిరిగింది. ఏదో ఒకటి అనేయొచ్చు, అతను చేసే పనే అది. కానీ అక్క ఎర్రబడ్డ కళ్లతో సూటిగా చూస్తోంది.

"నేను చూడలే," అన్నాడు. "ఇంటర్వెల్లనే పోయిన. రివ్యూ సుత పెట్టేసిన. ఏడాది సంది రాసినయన్నీ గంతే."

"నీ మాట నమ్మి పోయిన వారం సినిమా ఎగ్గొట్టిన గదన్నా!" అని ఎవడో గోలపెట్టాడు. అందరూ నవ్వారు. పోచమ్మ నవ్వలేదు.

"నాయిన కర్మనాడు సుత ఇంటర్వెల్లనే పోయినవ్ రా."

ఉపన్యాసానికి నోరు తెరిచాడు. "తప్పయింది అక్కా," అన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని టికెట్ల లైనులోకి లాగింది.

"సెకండాఫ్‌కు పోతే సాలదా?"

"నోర్మూసుకో. మొదటి సంది జూడాలె. దారిపక్క సీట్ల నేను కూసుంట."