సాంబ్రాణి పట్టిన కంప్యూటరు

గృహస్థు ఇంట కంప్యూటరు మందగించడం సామాన్య విషయం కాదు. అది వంశప్రతిష్ఠకు, పితృదేవతల తృప్తికి, లోకక్షేమానికి సంబంధించిన ఉపద్రవం. కనీసం ధర్మవరంలో వీరభద్రయ్య అలాగే భావించాడు.

ఆ కంప్యూటరు మీద ఆయన కోడలు నీలావతి పట్టుచీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. ఆమె గీసిందే మగ్గం మీద చీరవుతుంది. హిందూపురం పెళ్లివారు కోరిన అంచు డిజైను సాయంత్రానికల్లా అందాలి. యంత్రమేమో, గీసిన గీత తెర మీదికి వచ్చేలోపు ఒక దారపు కండె చుట్టి రావచ్చునన్నంత నింపాదిగా ఉంది.

"ఆడోళ్ల చేయి పడినప్పటి నుంచే ఇట్ల మొరాయిస్తాండాది," అని వీరభద్రయ్య తీర్పు చెప్పాడు.

పెనుకొండలో ఉద్యోగం చేసే చిన్నకొడుకు సుధాకర్ ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. అందులో సినిమాలు, ఆటలు, వేగం పెంచుతామని ఊరించే ఉచిత ప్రోగ్రాములు కుక్కిన మహానుభావుడు అతడే.

"వదినకు వాడేది తెలీదు నాయనా. డిజైన్లు బయట గీయిద్దాం. వదిన కండెలు చుట్టుకుంటాది లే."

మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న నీలావతి భర్త జయచంద్ర తల ఎత్తలేదు.

ఆమెకు ఒళ్లు మండింది. "సాయంత్రం దాకా దీని జోలికి ఎవరూ రావద్దండి," అని స్క్రూడ్రైవరు అందుకుంది.

ఆ ఇంట్లో మగ్గానికి జరిగే మర్యాదలన్నీ కంప్యూటరుకూ జరిగేవి. ప్రతి శుక్రవారం దాని గాలి రంధ్రాల మీద పసుపు కుంకుమలు, ఎదుట సాంబ్రాణి ధూపం. పనిచేస్తున్నప్పుడు సైతం పైన పట్టు శాలువా. పెట్టె విప్పితే లోపలి ఫ్యాను కనబడనే లేదు. కుంకుమ, మసి, పట్టునూగు రెక్కల మధ్య ముద్దకట్టి ఉన్నాయి. ఆమె మెత్తని బ్రష్షుతో అదంతా ఊడ్చింది. ఆన్ చేయగానే పిలవని పేరంటాళ్లలా లేచి కూర్చునే ప్రోగ్రాములను తీసేసింది. సినిమాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మరిది చేతిలో పెట్టింది. ఆ తరువాత గీత గీసిన మరుక్షణమే తెర మీద మెరిసింది. అంచు డిజైను వేళకు హిందూపురం చేరింది.

"నేను పొగ ఏస్తిని కాబట్టి బాగయ్యింది!" అన్నాడు వీరభద్రయ్య.

నీలావతి ఇక ఆగలేదు.

"ఏం మామా! బొట్టు పెడితిరి, పొగ ఏస్తిరి, శాలువా కప్పితిరి. గాలాడే దారి మాత్రం మూసేస్తిరి. మోయలేనంత బరువేసి, నిదానమని తిడితిరి. నన్నూ అంతే కదా? ఇంటి లక్ష్మి అంటారు, తప్పు యాడ జరిగినా నా నెత్తినే ఏస్తారు. మీ పూజలు మాకొద్దు. పనిచేసేటోళ్లను ఊపిరి తీసుకోనీండి, సాలు!"

మగ్గం చప్పుడు ఆగింది. "అది చెప్పేది నిజమే నాయనా," అన్నాడు జయచంద్ర గుంతలోంచే.

పాఠక మహాశయులారా, మన ఇళ్లలో ఏది మందగించినా ముందు చూడవలసింది దాన్ని నడిపే చేతిని కాదు, దాని మీద మనం మోపిన బరువును.

వీరభద్రయ్య కళ్లు చెమర్చాయి. కంప్యూటరు మీంచి తీసి పక్కన పెట్టిన శాలువా అందుకుని, నిండు సభలో పండితుణ్ణి సన్మానించినంత గంభీరంగా కోడలి భుజాల మీద కప్పాడు.

ఆ శాలువా నీళ్లు చూసి చాలా కాలమైంది. మరునాడు దాన్ని ఉతికింది నీలావతే.