ఇద్దరూ ముందే

2009లో పాల్వంచ క్వార్టర్లకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక రోజారాణికి ఆదివారం మధ్యాహ్నాల మీద కొత్తగా ఇష్టం పుట్టింది. హాస్టల్లో తనతో ఒకే గదిలో ఉండి చదువుకున్న హేమలత భద్రాచలంలో నర్సుగా చేరినప్పటి నుంచి ఇద్దరూ కలుసుకోవడం తగ్గిపోయింది. ఖమ్మంలో కంప్యూటర్లు నేర్పే హేమలత తమ్ముడు సంతోష్ వాళ్లకో కార్ల పందెం ఆట చూపించాడు. రోజారాణి ఇంట్లో, హేమలత అక్కడి నెట్ సెంటర్లో కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒకే రోడ్డు మీద కార్లు తోలేవారు. ఆట సగం, ముచ్చట్లు సగం.

ఒక ఆదివారం రోజారాణి ఎర్ర కారు గెలుపు గీత దాటింది. హేమలత నీలం కారు ఇంకా చివరి మలుపు దగ్గరే ఉంది.

"గెలిచిన" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"నువ్వెట్ల గెలిచినవే? ఇంకా మలుపు కాడనే ఉన్నవ్ గదా" అంది రోజారాణి.

"మలుపు కాడ ఉన్నది నువ్వు. నేను గీత దాటి కూసున్న."

అంతలో తెర మీద ఫలితం పడింది. మొదటి స్థానం హేమలతది.

రోజారాణికి ఒళ్లు మండింది. కళ్లారా చూసింది కదా. "ఏందో మోసం చేసినవ్ నువ్వు. మీ తమ్మునికి గివన్నీ తెలుసు" అనేసింది. అవతల హేమలత "డ్యూటీ ఉన్నది" అని ఫోను పెట్టేసింది.

వారమంతా రోజారాణికి అదే ధ్యాస. వంట చేస్తున్నా ఆ నీలం కారే మలుపు దగ్గర కనిపిస్తోంది. కంప్యూటర్ తెర మూలన ఉన్న గడియారం టీవీ వార్తల కన్నా వెనకబడి ఉండటం చూసి, తప్పు ఇక్కడుందని సంబరపడి సరిచేసింది. మళ్లీ ఆడదామని తనే హేమలతకు ఫోన్ చేసింది. హేమలత ముభావంగానే ఒప్పుకుంది.

ఈసారీ ఇద్దరూ ఒకేసారి "గెలిచిన" అన్నారు. ఫలితం మాత్రం రోజారాణి పేరు చూపించింది.

"ఇప్పుడు మోసం ఎవలు చేసిన్రు?" అంది హేమలత. సమాధానం కోసం చూడకుండా పెట్టేసింది.

రోజారాణి కుర్చీలోంచి లేవలేదు. తను ఏమీ చేయలేదు. తను చేయకుండానే ఇలా జరిగితే, పోయిన వారం హేమలత కూడా ఏమీ చేయలేదన్నమాటే. మరి చేసిందెవరు? సంతోష్‌కు ఫోన్ కలిపి, గడియారం సరిచేసిన సంగతితో సహా జరిగిందంతా చెప్పింది.

"మూలకున్న గడియారంతోటి పని లేదక్కా" అన్నాడు సంతోష్. "ఆట లోపల వేరే లెక్క నడుస్తది. ఏ కంప్యూటర్ గడియారం దానిదే. ఒకటి జర ముందుంటది, ఒకటి జర ఎనక. అందుకే రెండూ ఆట నడిపే పెద్ద కంప్యూటర్‌ను, అదే సర్వర్‌ను, టైమెంత అని అడుగుతయ్. జవాబు వచ్చేలోపల ఇంకింత టైము గడుస్తది."

"ఎంత గడిచిందో దానికి తెల్వదా?"

"పోయి రానీకి మొత్తం ఎంత పట్టిందో తెలుస్తది. అందుల పోనీకెంత, రానీకెంత అన్నది తెల్వదు. సగం సగం అనుకుంటది. లైన్ల రద్దీ ఉండి జవాబు వచ్చుడు ఆలస్యమైతే ఆ అందాజ తప్పుతది. ఇగ మా అక్క కారు సంగతి సర్వర్ దాక పోయి, ఆడికెళ్లి నీకు వస్తది. నువ్వు చూసేది అది అంతకుముందు ఉన్న జాగ. నీ కారేమో అప్పటికప్పుడే కనిపిస్తది."

"దానికి నేను ఎనక, నాకు అది ఎనక. గంతేనా?"

"అవ్."

"మరి అసలు గెలిచిందెవరు?"

"సర్వర్ ఎవరంటే వాళ్లే."

"సర్వర్‌కు సరిగ్గ తెలుసా?"

"మీ కంప్యూటర్లు దానికి పంపిన టైమును బట్టి చెప్తది అక్కా. ఎవరో ఒకరి మాట ఒప్పుకోవాలె గదా."

రోజారాణికి సగం అర్థమైంది, సగం ఇంకా తికమకగానే ఉంది. తను హేమలతను అన్న మాట మాత్రం గుచ్చుతూనే ఉంది. మరుసటి ఆదివారం భద్రాచలం బస్సెక్కింది. గోదావరి వంతెన దాటుతుంటే ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుంది. తీరా నెట్ సెంటర్లో హేమలతను చూశాక అవేవీ గుర్తు రాలేదు.

"తప్పు మాట్లాడిన, హేమా" అంది.

"ఫోన్ల చెప్తే అయిపోయేది. ఇంత దూరం ఎందుకొచ్చినవ్?"

"నా కండ్లతోటి చూద్దామని."

పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. చివరి మలుపులో రోజారాణి తల తిప్పి హేమలత తెర చూసింది. అందులో తన ఎర్ర కారు వెనకబడి ఉంది. గబుక్కున తన తెర చూసుకుంది. ఎర్ర కారే ముందుంది. మళ్లీ అటు, మళ్లీ ఇటు. చేతులు కీబోర్డు మీద ఎటో పోయి, కారు రెండు తెరల్లోనూ గోడకు గుద్దుకుంది. ఇటు ముందు, అటు కాస్త ఆలస్యంగా.

"చూసినవా?" అంది హేమలత నవ్వు ఆపుకుంటూ.

"చూసిన. చూసినంక ఇంకా అర్థమైతలేదు."

"నాకూ అంతేనే. మళ్ల ఆడుదామా?"

రోజారాణి కుర్చీ ఆమె వైపు కొంచెం జరుపుకుని, కారును మళ్లీ గీత దగ్గర నిలబెట్టింది.