కత్తెర కిందికి పోయిన లైను

మంగళవారం పొద్దున ఏడూ పదికి, కుట్టుమిషను సొరుగులో తెల్లదారం కోసం వెతుకుతుంటే ఆమె చేతికి మాత్రల అట్టలు తగిలాయి. రెండు అట్టలు. ఒక్క మాత్ర కూడా నొక్కి తీసినట్టు లేదు. నాన్న బీపీ మాత్రలు.

వంటింట్లో అప్పటికే చినుకులు మొదలయ్యాయి. అమ్మ బీట్‌రూట్ కోస్తోంది.

సేంద్రియంగా పండిన కూర ఏదైనా అంతే. కోయగానే అది పెరిగిన చేలో వాతావరణం కాసేపు బయటికొస్తుంది. క్యారెట్ అయితే పొద్దుటెండ, పాలకూర అయితే మంచు, బీట్‌రూట్ అయితే సన్నటి వాన. అమ్మ ముందే ఉప్పు డబ్బా మూత బిగించి, పొయ్యి మీద రేకు అడ్డం పెట్టుకుంటుంది. పురుగుమందు కొట్టి పెంచినవి కోస్తే ఏమీ రాదు. అందుకే ఊళ్లోని సేంద్రియ కూరల కొట్టుకి వచ్చేవాళ్లు గొడుగు తెచ్చుకుని మరీ "ఒకటి కోసి చూపించండి" అంటారు.

ఆమె పనిచేసేది ఆ కొట్లోనే. పోషకాహారంలో డిగ్రీ చేసి, ఏడాది ఖాళీగా కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. ఏది ఎలా వండితే ఒంటికి మంచిదో ఇంటర్నెట్‌లో కొట్టు పేజీలో రాయాలి. కూరలకి కట్టే కార్డుల మీద కూడా రాయాలి. బీట్‌రూట్ కార్డు మీద ఇలా రాసింది: "తొక్కతోనే ఉడికించండి, రంగు పోదు. రోజూ తింటే బీపీ కొంచెం తగ్గొచ్చు. డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపొద్దు."

కార్డు అరచేతిని మించకూడదని కొట్టు యజమాని పట్టు. అచ్చయి వచ్చిన రెండొందలూ ఇంటికి మోసుకొచ్చింది. నాన్న దర్జీ. పదేసి కార్డులు దొంతర పెట్టి, కళ్లద్దాలు కూడా లేకుండా, పెద్ద కత్తెరతో చకచకా కోసిచ్చాడు. అన్నీ ఒకే కొలత. ఆఖరి లైను మాత్రం కత్తెర కిందికి పోయింది. ఆమె చూసింది. మళ్లీ అచ్చు వేయించమంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని నోరు మెదపలేదు. ఒక్క లైనేగా అనుకుంది.

"ఇవేంటి నాన్నా?" అంటూ అట్టలు ముందు పెట్టింది.

నాన్న కాలు ఆగింది, మిషను ఆగింది. "పోలీసులా అడుగుతావేంటే డిగ్రీ? రాసింది నువ్వేగా."

"తగ్గొచ్చు అని రాశాను."

"తగ్గొచ్చు అంటే తగ్గుతుందనేగా! మూడు వారాల్నుంచి రోజూ తింటున్నా. ఎంత వాన లోపలికి పోయిందో తెలుసా? తలంతా తేలిగ్గా ఉంది."

"అవునవును, తేలిగ్గానే ఉంటుంది," అంది అమ్మ వంటింట్లోంచి. "నిన్న ఒకే చొక్కాకి రెండు ఎడం చేతులు కుట్టారు."

ఆమె గబగబా నాన్న చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. పైది నూట తొంభై.

"అది నా బీపీ కాదే, నీ కంగారు."

"ఒక్క మాత్ర వేసుకో నాన్నా. నీకు దణ్ణం పెడతా."

"వేసుకోను. నీ చదువు మీద నాకున్న నమ్మకం నీకే లేకపోతే ఎలా తల్లీ?"



"మాటలు తర్వాత, ఆ పెద్దది కోసివ్వవే," అని అమ్మ పిలిచింది. ఆమె వెళ్లి దాన్ని రెండు చెక్కలు చేసింది.

అది ఏ గాలివానలో పెరిగిందో! వంటింట్లో ఈడ్చి కొట్టిన జల్లు ముందుగదిలోకి దూసుకెళ్లింది. నాన్న నిలువునా తడిశాడు. మిషను పక్కనున్న ముక్కల బుట్ట తిరగబడి, బట్ట పీలికలు, దారప్పోగులు, వాటితో పాటు సన్నటి కాగితప్పీలికలు గదంతా ఎగిరాయి.

"కిటికీ వెయ్యవే, పక్కవాళ్లు తడుస్తారు," అంది అమ్మ.

గాలి తగ్గేసరికి నాన్న బనియను నిండా కాగితప్పీలికలే. ఛాతీ మీద, భుజాల మీద, చెంప మీద కూడా ఒకటి. అన్నిటి మీదా ఒకటే మాట. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, చెంప మీది పీలిక ఒలిచి చదివాడు. బీట్‌రూట్ కట్టకున్న కార్డు తెప్పించుకుని, దాని అడుగున ఆనించి చూశాడు. పోగు తేడా లేకుండా అతికింది.

"నేనే కోశానా?"

"నేను చూశాను నాన్నా. చెప్పలేదు."

ఆయన అట్టలోంచి మాత్ర నొక్కి మింగాడు. చొక్కా మార్చుకుని డాక్టరు దగ్గరికి తనే బయల్దేరాడు. ఆమె వెంట వెళ్లింది.

"ఇంకో వారం ఇలాగే ఉంటే చెయ్యీ కాలూ పడిపోయేవి," అన్నాడు డాక్టరు. "బీట్‌రూట్ తినండి, మంచిదే. మాత్ర మాత్రం మానకండి."

మెట్లు దిగుతూ నాన్న మెల్లగా అడిగాడు. "మరి మిగతా కార్డుల సంగతి?"

అన్నీ దుంపలతో పాటే అమ్ముడుపోయాయి. యజమానికి ఫోన్ చేస్తే, "ఎవరన్నా వచ్చి అడిగారా అమ్మాయ్? లేదుగా. తప్పని మనమే చాటుకుంటే కొట్టు మూసుకోవడమే. పేజీలో ఒక్క ముక్క రాశావో, రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు.

ఆమె ఆ మెట్ల మీదే కూర్చుని, ఫోన్‌లో కొట్టు పేజీ తెరిచి టైపు చేసింది:

"మీ ఇంట్లో బీట్‌రూట్ కార్డు ఉంటే దాని అడుగు అంచు చూడండి. అక్కడ ఒక లైను ఉండాలి: డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపొద్దు. దాన్ని కోసింది మా నాన్న, చూసి ఊరుకుంది నేను. ఆయన్ని ఓ గాలివాన కాపాడింది. కానీ కార్డులు కొన్నవాళ్ల పేర్లు నాకు తెలీవు, ఇళ్లు తెలీవు. ఈ పేజీ చూడనివాళ్లూ ఉంటారు. వాళ్ల వంటిళ్లలో సన్నటి వానే పడుతుంటుంది, వాళ్లు హాయిగా తింటుంటారు. రేపు ఈ పేజీ నా చేతిలో ఉండదు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"